20 డిగ్రీల నీళ్లు చేపకు వేడి నీళ్లా? సాల్మన్ వలస గురించి

నల్లకుంట_మాస్టారు
జూన్ 8, ఉదయం 9:40

ఈ రోజు మృగశిర కార్తె కదా, తెల్లవారగానే సంచి పట్టుకుని రాంనగర్ చేపల మార్కెట్‌కు వెళ్లాను. ఇసుక వేస్తే రాలనంత జనం. కొర్రమీను బేరం కుదరక, శీలావతి రెండు కిలోలు తీసుకుని వస్తుంటే, దారిలో ఒక పెద్ద దుకాణంలో అద్దాల పెట్టెలో మంచు మీద నారింజ రంగు సాల్మన్ ముక్కలు కనిపించాయి. ఏడాదిగా మనసులో ఉన్న మాట అప్పుడే రాయాలనిపించింది.

పోయిన జూలైలో సియాటిల్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఒక మధ్యాహ్నం బల్లార్డ్ లాక్స్‌కు తీసుకెళ్లింది. సముద్రపు పాయకూ లేక్ వాషింగ్టన్‌కు వెళ్లే కాలువకూ మధ్య పడవలను ఎత్తి దించే కట్టడం అది, 1917 నాటిది. పక్కనే చేపలు మెట్టు మెట్టుగా ఎక్కి వెళ్లడానికి నిచ్చెన కట్టారు. నేల కింద గదిలో నిలబడితే అద్దాల వెనుక నుంచి ఆ మెట్లు ఎక్కే చేపలు కనిపిస్తాయి.

వాటిలో ఒక సాకై సాల్మన్ దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. ఒళ్లంతా వెండి రంగు. ముక్కు మీద చర్మం చెక్కుకుపోయింది. వీపు రెక్క వెనుక రూపాయి బిళ్లంత తెల్లటి బూజు మచ్చ. మిగతావి ఒక్క ఊపులో దాటి వెళుతుంటే అది మాత్రం ఉన్నచోటనే తోక ఆడిస్తూ నిలబడింది. మొప్ప మూతలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. గడియారం చూసి లెక్కపెట్టాను, నిమిషానికి 90 దాటింది. ఆ రోజు కాలువ నీరు 21 డిగ్రీలు ఉందని అక్కడి స్వచ్ఛంద సేవకురాలు చెప్పింది. “ఈ వేడికి దానికి ఆయాసం” అన్నది ఆమె.

31 ఏళ్లు జంతుశాస్త్రం చెప్పినవాడిని. “చేప శీతల రక్త జీవి, పరిసరాల ఉష్ణోగ్రతే దాని ఉష్ణోగ్రత” అని ఎన్ని వందల సార్లు నల్లబల్ల మీద రాశానో! ఆ వాక్యానికి అర్థం ఆ అద్దం ముందు నిలబడే దాకా నాకు తెలియలేదు. తెలిసినవారు ఈ విషయం విడమరిచి రాయండి. నేనూ రాస్తాను.

ఉప్పల్_రవి
జూన్ 8, ఉదయం 10:15

మాస్టారూ, మీరు రాసింది చదివి మనసు కదిలింది. కానీ ఒక అనుమానం. 21 డిగ్రీలంటే మనకు డిసెంబరు తెల్లవారుజామున తొట్టిలో ఉండే నీళ్లు. మే నెలలో మా ఇంటి డాబా మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాగిపోతాయి. మన చెరువుల్లో చేపలు 30 డిగ్రీల్లో హాయిగా పెరుగుతాయి. మరి సాల్మన్‌కు 21 డిగ్రీలు వేడి ఎలా అవుతుంది? నాకు నిజంగానే అర్థం కాక అడుగుతున్నాను.

జలజీవి_శ్రావణి
జూన్ 8, మధ్యాహ్నం 1:05

రవి గారూ, మీ ప్రశ్నలోనే విషయమంతా ఉంది. నేను చేపల శాస్త్రంలో పీజీ చేశాను, తెలిసినంత వరకు రాస్తాను.

నీరు వేడెక్కితే దానిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 10 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 11.3 మిల్లీగ్రాములు కరుగుతుంది. 20 డిగ్రీలకు అది 9.1, మన చెరువుల్లో ఉండే 30 డిగ్రీలకు సుమారు 7.5. చాలామంది ఇక్కడితో ఆపేసి, ఊపిరాడక చస్తాయని తేల్చేస్తారు. నదిలో నీళ్లు రాళ్ల మీద దూకుతూ పారుతుంటాయి కాబట్టి సరఫరా అంత దారుణంగా పడిపోదు. అసలు దెబ్బ ఖర్చు వైపు నుంచి వస్తుంది. చేప ఒంటి వేడి నీటి వేడితో పాటే పెరుగుతుంది. 10 డిగ్రీలు పెరిగితే, ఊరికే నిలబడి ఉన్నా దాని శరీరం అడిగే ఆక్సిజన్ దాదాపు రెట్టింపవుతుంది.

ఇంటి లెక్కలో చెబుతాను. జీతం ఒక స్థాయి దాకా పెరిగి ఆగిపోయింది. అద్దె మాత్రం ఏటా పెరుగుతూనే ఉంది. అద్దె కట్టగా మిగిలినదే పిల్లల చదువుకూ, పండుగకూ, రోగానికీ. సాల్మన్‌కు జీతమంటే గుండె, మొప్పలు కలిసి అందించగల గరిష్ఠ ఆక్సిజన్. అద్దె అంటే ఊరికే బతికి ఉండటానికి అయ్యేది. మిగులుతోనే ప్రవాహానికి ఎదురీదాలి, జలపాతం దూకాలి, గుడ్లు తయారు చేసుకోవాలి, రోగంతో పోరాడాలి. కెనడాలోని ఫ్రేజర్ నది సాకై చేపల్లో ఈ మిగులు 15 నుంచి 17 డిగ్రీల మధ్య అత్యధికంగా ఉంటుంది. 20 దాటితే గబగబా పడిపోతుంది. ఇంకొంచెం పైకి పోతే మిగులు సున్నా. చేప బతికే ఉంటుంది, ఈదలేదు. మాస్టారు అద్దంలో చూసింది బహుశా మిగులు అడుగంటుతున్న చేపనే.

ఇంకో సంగతి. నదిలోకి వచ్చాక సాకై మేత ముట్టదు. సముద్రంలో కూడబెట్టుకున్న కొవ్వుతోనే వందల కిలోమీటర్లు ఎదురీది, గుడ్లు పెట్టి, అక్కడే చనిపోతుంది. గుడ్లు పెట్టేసరికి ఒంట్లో కొవ్వు దాదాపు మిగలదు. దారి మధ్యలో తిని కోలుకునే వీలు లేనప్పుడు వేడి వల్ల ఖర్చు పెరిగితే ఏమవుతుందో ఊహించండి. కడుపు నిండా గుడ్లతో, ఊరి పొలిమేర చేరకుండానే ప్రాణం పోతుంది. 2019 వేసవిలో అలాస్కాలోని కోయుకుక్ నదిలో చమ్ సాల్మన్ చేపలు అలాగే చనిపోయి తేలాయి. కోసి చూస్తే గుడ్లు కడుపులోనే ఉన్నాయి.

కీసర_చెరువు
జూన్ 8, మధ్యాహ్నం 2:30

శ్రావణి గారు చెప్పిన లెక్క మాకు ప్రతి వేసవిలో కంటికి కనిపిస్తుంది. మా సంఘం కౌలుకు తీసుకున్న చెరువులో బొచ్చె, శీలావతి పెంచుతాం. ఏప్రిల్ చివరి వారంలో ఒక రాత్రి గాలి ఆడలేదు, మబ్బు పట్టింది. తెల్లవారుజామున 4 గంటలకు గట్టు మీదికి వెళ్లి టార్చి వేస్తే, నీటి మీద చినుకులు పడుతున్నట్లు కనిపించింది. చినుకులు కావు, చేపల నోళ్లు. పైకి వచ్చి గాలి కోసం నోళ్లు తెరుస్తున్నాయి. వేల నోళ్లు. ఆ చప్పుడు విన్నవాడికి మళ్లీ నిద్ర పట్టదు. ఇంజను పెట్టి నీళ్లను పైకి చిమ్మించాం, బోరు నీళ్లు వదిలాం. అయినా తెల్లారేసరికి రెండు ట్రాలీల చేపలు పోయాయి. ముందుగా పోయినవి పెద్దవే. మార్కెట్‌కు వేయాల్సినవి.

పక్కనే గుంటలో కొర్రమీనులకు చీమ కుట్టినట్లయినా లేదు.

నల్లకుంట_మాస్టారు
జూన్ 8, మధ్యాహ్నం 3:10

కీసర తమ్ముడూ, రెండు ట్రాలీలంటే ఏడాది కష్టం. చదివి చాలా బాధ కలిగింది.

మీ కొర్రమీను సంగతి చెప్పాలి. దాని తల లోపల, మొప్పల పైభాగంలో గాలి పీల్చుకునే గది లాంటి అమరిక ఉంటుంది. నీటిలో ఆక్సిజన్ తగ్గితే పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి పోతుంది. బురదలోనూ బతుకుతుంది. అందుకే సంతలో తడి గోనె మీద కూడా గంటల తరబడి కదులుతుంటుంది. మన ఎండలకు, మన ఎండిపోయే చెరువులకు తగ్గట్టు తయారైన చేప అది. తెలంగాణ రాష్ట్ర చేపగా దాన్ని ఎంచుకోవడం సబబే. సాల్మన్ మంచు కరిగిన నీటికి తగ్గట్టు తయారైంది. రవి ప్రశ్నకు నేను ఇచ్చే జవాబు ఇది: వేడి అనేది థర్మామీటరులో ఉండదు, ఆ ప్రాణి ఏ నీటికి పుట్టిందో దానిలో ఉంటుంది.

ఎకో_గది
జూన్ 8, రాత్రి 9:20

నమస్కారం. నేను నగరంలో ఒక ఆసుపత్రిలో గుండె స్కానింగ్ విభాగంలో పనిచేస్తాను. రోజంతా మనుషుల గుండెలు చూస్తాను కాబట్టి చేప గుండె ఎలా పనిచేస్తుందో వెతికి చదివాను. చదివాక సాల్మన్ మీద గౌరవం పెరిగింది.

చేప గుండెలో ఒక కర్ణిక, ఒక జఠరిక మాత్రమే. రక్తం గుండె నుంచి మొప్పలకు, మొప్పల నుంచి ఒళ్లంతటికీ వెళ్లి, చివరికి గుండెకు తిరిగి వస్తుంది. జఠరిక లోపలి పొర స్పాంజిలా ఉంటుంది. దానికి ఆక్సిజన్ అందేది ఒళ్లంతా తిరిగి వచ్చిన ఆ రక్తం నుంచే. ఇంట్లో అందరికీ వడ్డించి, గిన్నెలో మిగిలినది తినే అమ్మ లాంటిది ఆ గుండె. మామూలు రోజున సరిపడా మిగులుతుంది. నీరు వేడెక్కి, కండరాలు ప్రవాహంతో పోరాడుతూ ఉన్నదంతా లాగేసుకుంటే, గుండెకు చేరేసరికి గిన్నె ఖాళీ. సరిగ్గా అప్పుడే గుండె మరింత వేగంగా కొట్టుకోవాలి. ఒక హద్దు దాటాక వేగం పెరగదు, లయ తప్పుతుంది. మా గదిలో అటువంటి గీత కనిపిస్తే వెంటనే డాక్టరును పిలుస్తాం.

సాల్మన్ జఠరికకు బయట గట్టి కండరపు పొర కూడా ఉంటుంది, దానికి విడిగా ధమనులు ఉంటాయి. కష్టమైన దారి గల తెగలలో ఈ ఏర్పాటు మెరుగ్గా ఉంటుందని చదివాను. దీని గురించి శ్రావణి గారు ఇంకా చెప్పగలరేమో.

జలజీవి_శ్రావణి
జూన్ 8, రాత్రి 10:45

ఎకో గది గారూ, అమ్మ పోలిక చదివి కాసేపు ఆగిపోయాను. దానికి తోడు ఒక మాట: వేడి నీటిలో వలస వెళ్లేటప్పుడు ఆడ చేపలే ఎక్కువగా చనిపోతున్నాయి. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో స్కాట్ హించ్ బృందం 2021లో పాత పరిశోధనలన్నీ ముందేసుకుని చూసింది. కష్ట పరిస్థితుల్లో ఆడ సాకై మరణాలు మగవాటికి రెట్టింపు, కొన్నిచోట్ల అంతకు మించి ఉన్నాయి. గుడ్లు తయారు కావడానికే ఒంట్లో శక్తి చాలా పోతుంది, గుండెకు మిగిలేది ఇంకా తక్కువ. నదిలోకి ఎన్ని చేపలు వచ్చాయో లెక్కపెట్టి సంతోషిస్తే చాలదు. వాటిలో గుడ్లు పెట్టే దాకా నిలిచిన ఆడవి ఎన్ని అనేది చూడాలి.

తెగల సంగతి. ఫ్రేజర్ నది ఒకటే, కానీ దానిలో సాకై వందకు పైగా తెగలు. సముద్రానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలోనే గుడ్లు పెట్టే వీవర్ క్రీక్ చేప వేరు, హెల్స్ గేట్ వంటి ఇరుకు కనుమల్లోని సుడులు దాటి 600 కిలోమీటర్లకు పైగా పైకి, కొండల్లోని చిల్కో సరస్సుకు పోయే చేప వేరు. ఎరికా ఎలియాసన్, టోనీ ఫారెల్ తదితరులు 2011లో వాటిని ఈత సొరంగాల్లో, అంటే నీరు ఎదురుగా పారే గొట్టాల్లో, ఈదించి కొలిచారు. చిల్కో చేపకు గుండె పెద్దది, ధమనుల సరఫరా మెరుగు, వేడిని తట్టుకునే పరిధి కూడా విశాలం. ప్రతి తెగ దాని తాతలు నడిచిన దారికి తగ్గ గుండెతో పుడుతోంది.

ఉప్పల్_రవి
జూన్ 9, ఉదయం 7:50

రాత్రి ఇదంతా చదివి నిద్ర పట్టలేదు. అయితే చిల్కో చేప ఉన్నట్టే మిగతావి కూడా నెమ్మదిగా వేడికి అలవాటు పడవచ్చు కదా? లేదా నీళ్లు చల్లగా ఉన్న నెలలో రావచ్చు కదా? భూమి మీద ఇంతకు ముందు కూడా వేడి రోజులు వచ్చే ఉంటాయి.

జలజీవి_శ్రావణి
జూన్ 9, ఉదయం 8:35

వస్తున్నాయి. అమెరికా వాయవ్యంలోని కొలంబియా నదిలో సాకై ఇప్పుడు 1940ల కంటే దాదాపు 10 రోజులు ముందుగా వలస వెళుతోంది. అంటే ప్రయత్నం జరుగుతోంది. కానీ చిల్కో గుండె తయారు కావడానికి వేల ఏళ్లు పట్టింది. ఫ్రేజర్ వేసవి నీరు 1950ల నుంచి ఇప్పటికి దాదాపు 2 డిగ్రీలు వేడెక్కింది. సాకై తరం నాలుగేళ్లు. ఇరవై కూడా నిండని తరాల్లో గుండెను మార్చుకోమంటున్నాం.

పైగా సముద్రంలో ఉన్న చేపకు నదిలో నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో తెలియదు. భూ అయస్కాంత క్షేత్రం ఆధారంగా తీరానికి చేరుతుంది. ఆపైన చిన్నప్పటి ఏటి వాసన పట్టుకుని పోతుంది. వాసన సంగతి ఆర్థర్ హాస్లర్ 1950ల నాటి ప్రయోగాల్లోనే చూపించారు. వాసన దారి చెబుతుంది, దారిలో ఎండ ఎంతో చెప్పదు.

ఫ్రేజర్‌లో ఇంకో వింత జరుగుతోంది. ఆలస్యంగా వచ్చే తెగలు పూర్వం నదీ ముఖద్వారంలో కొన్ని వారాలు ఆగి, నీరు చల్లబడ్డాక లోపలికి వెళ్లేవి. 1995 ప్రాంతం నుంచి ఆగడం మానేశాయి. నది వేడిగా ఉన్నప్పుడే దూరిపోతున్నాయి. అలా ముందుగా వెళ్లినవి చాలావరకు గుడ్లు పెట్టకుండానే చనిపోతున్నాయి. వేడి నీళ్లలో ఎక్కువ రోజులు గడిపితే మూత్రపిండాల్లో పరాన్నజీవులు పెరుగుతాయి. బ్యాక్టీరియా మొప్పలను తినేస్తుంది. మాస్టారు చూసిన తెల్ల మచ్చ బూజు రోగమే అయి ఉంటుంది. 15 డిగ్రీల్లో నెమ్మదిగా సాగే రోగం 20 డిగ్రీల్లో త్వరగా ముదిరిపోవచ్చు.

వంటింటి_వరలక్ష్మి
జూన్ 9, ఉదయం 11:00

పెద్దల మధ్య నాది చిన్న ప్రశ్న. మా కాలనీ చేపల దుకాణంలో ‘ఇండియన్ సాల్మన్’ అని అమ్ముతారు. అది కూడా ఇలాగే నదికి ఎదురీదే చేపేనా? పిల్లలకు వేపుడు చేసి పెడుతుంటాను.

గోదావరి_ఒడ్డు
జూన్ 9, ఉదయం 11:25

కాదమ్మా. అది మా తీరంలో మాగ అనే చేప. గడ్డం కింద మీసాల్లా దారాలు వేలాడుతుంటాయి. రుచిలో మేటి. కానీ సాల్మన్‌తో చుట్టరికం లేదు, పేరు వ్యాపారులు తగిలించినదే. నారింజ రంగు ముక్కలు మాత్రం చలిదేశాల సముద్రాల్లో వలల పంజరాల్లో పెంచిన అట్లాంటిక్ సాల్మన్. పెంచినవైనా వేడి వాటినీ వదలడం లేదు. టాస్మేనియాలో నీరు వేడెక్కిన వేసవుల్లో పంజరాల్లోనే గుట్టలుగా చచ్చాయి. నదిలో చేపైతే చల్లని మడుగు వెతుక్కుని దూరుతుంది. పంజరంలోది ఎక్కడికి పోతుంది?

మనకు నిజంగా సాల్మన్‌తో పోల్చదగిన చేప ఉంటే అది పులస. నేను పుట్టింది ధవళేశ్వరం దగ్గర, ఉద్యోగరీత్యా 20 ఏళ్లుగా మియాపూర్‌లో ఉన్నాను. శ్రావణం వస్తే ప్రాణం గోదావరి మీదే ఉంటుంది. సముద్రంలో విలసగా ఉన్న చేప ఎర్ర నీరు తగలగానే నదికి ఎదురెక్కి పులస అవుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నారు. కాకపోతే పులస గుడ్లు పెట్టి సముద్రానికి తిరిగి వెళుతుంది, సాకై లాగా ఒక్కసారికే చావదు.

మా తాత చిన్నప్పుడు పడవ నిండా వచ్చేవట. ఇప్పుడు యానాం దగ్గర ఒక్క చేప పడితే వేలం వేస్తున్నారు. ఎండలు ఒక్కటే కారణమని నేననను. ఎదురుగా కట్ట ఉంది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆయన పుణ్యాన మా జిల్లా అన్నం తింటోంది, రోజూ దండం పెట్టుకుంటాం. అయినా చేప మాత్రం ఆ గోడ దగ్గరే ఆగిపోయింది. గంగ మీద 1975లో ఫరక్కా కట్టాక అలహాబాదు దాకా వెళ్లే ఇలిష్ (పులసకే బెంగాలీ పేరు) వెళ్లడం మానేసింది. కట్టలు లేకపోతే వేడి వచ్చినా చేప పై నీళ్లకు, చల్లటి నీళ్లకు పోయి బతికేది.

నీటిలెక్క
జూన్ 9, సాయంత్రం 6:40

గోదావరి గారూ, నేను నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి విరమించినవాడిని. మీ బాధ అర్థమైంది. కానీ కట్టలన్నీ ఒకే గాటన కట్టడానికి నేను ఒప్పుకోను. లోతైన జలాశయంలో వేసవిలో పై నీరు వేడెక్కి తేలుతుంది, అడుగున చల్లటి నీరు ఉంటుంది. ఏ ఎత్తులో ఉన్న తూము తెరుస్తామన్నదాన్ని బట్టి దిగువ నది వేడి మారుతుంది. కాలిఫోర్నియాలో షాస్తా ఆనకట్టకు 1997లో వేర్వేరు ఎత్తుల నుంచి నీటిని తీసుకునే ఉక్కు కట్టడం అమర్చారు. దిగువన శాక్రమెంటో నదిలో వేసవిలో గుడ్లు పెట్టే చినూక్ సాల్మన్ కోసమే అది. ఐడహోలో డ్వోర్షాక్ జలాశయం అడుగు నీటిని వదిలి దిగువ స్నేక్ నదిని ఏటా చల్లబరుస్తున్నారు. ఇంజినీరు తలచుకుంటే చేపకు సాయం చేయగలడు.

గోదావరి_ఒడ్డు
జూన్ 9, సాయంత్రం 7:15

నీటిలెక్క గారూ, గౌరవంతోనే అడుగుతున్నాను. ఆ చినూక్ ఆ ఆనకట్ట కింద మండే లోయలో ఎందుకు గుడ్లు పెడుతోంది? పూర్వం అది పైన కొండల్లో ఊట నీళ్లకు పోయేది. ఆ దారి మూసింది షాస్తాయే కదా? 2021 కరవులో జలాశయంలో చల్లటి నీరే తగ్గిపోయింది. ఆ ఏడు గుడ్డు నుంచి పిల్ల దాకా మిగిలినవి నూటికి మూడు కూడా లేవు.

నీటిలెక్క
జూన్ 9, రాత్రి 8:30

అది నిజం. కాదనను. చల్లటి నీరు కూడా బ్యాంకులో డబ్బు లాంటిదే, కరవు ఏడు ఖాతా ఖాళీ అవుతుంది. సాగునీటికి అడిగేవారు ఒకవైపు, చేప ఒకవైపు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి నిద్ర ఉండదు, నేను కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను.

గుడ్ల గురించి ఒకటి చదివాను. ప్రయోగశాలలో తట్టుకున్న వేడి కంటే నదిలో దాదాపు 3 డిగ్రీల తక్కువ వేడికే చినూక్ గుడ్లు చనిపోతున్నాయి. కారణం ప్రవాహం. గుడ్డుకు మొప్పలు లేవు, దాని పక్క నుంచి పారే నీరే ఆక్సిజన్ తెచ్చి ఇవ్వాలి. గులకరాళ్ల మధ్య నీరు నెమ్మదిగా కదులుతుంది. అంటే డిగ్రీలు ఒక్కటే కొలిస్తే చాలదు, ప్రవాహం వేగం కూడా కొలవాలి. మా రోజుల్లో ఈ లెక్క ఎవరూ అడగలేదు. అడిగి ఉండాల్సింది.

సముద్రం_చదువు
జూన్ 9, రాత్రి 10:10

చర్చ నది దగ్గరే తిరుగుతోంది, సముద్రం గురించి కూడా రాయాలి. నేను ఉండేది ప్రగతినగర్‌లో. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మా పేటలోనే ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఉంది. ఉపగ్రహాల నుంచి సముద్రపు ఉపరితల వేడిని, నీటి పచ్చదనాన్ని చూసి, చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో మన జాలర్లకు అక్కడి నుంచే సూచనలు వెళతాయి. చేప వేడిని బట్టి కదులుతుందనే విషయం మీదే ఆ సేవ అంతా నిలబడి ఉంది.

సాల్మన్ తన జీవితంలో ఎక్కువ భాగం సముద్రంలోనే గడుపుతుంది, ఒళ్లు పెంచుకునేది అక్కడే. 2014 నుంచి 2016 దాకా ఈశాన్య పసిఫిక్‌లో పెద్ద వేడి నీటి మడుగు ఏర్పడింది, దానికి ‘బ్లాబ్’ అని పేరు పెట్టారు. పిల్ల చేపలకు మేతయ్యే, కొవ్వు నిండిన చలినీటి తెడ్డుకాళ్ల పురుగులు (కోపెపాడ్‌లు) అక్కడ తగ్గి, కొవ్వు లేని వేడినీటి రకాలు వచ్చి చేరాయి. పిల్ల సాల్మన్ తిన్నా బలం పట్టలేదు. శ్రావణి గారు చెప్పిన జీతం లెక్కలో ఇది దాచుకున్న సొమ్ము. చేప దారి ఖర్చు పెరిగిన కాలంలోనే సంచిలో చద్దిమూట చిన్నదైపోయింది. అలాస్కాకు తిరిగి వచ్చే చినూక్ చేపలు 1990కి ముందు నాటి వాటి కంటే సగటున 8 శాతం పొట్టివి. పొట్టి చేప అంటే తక్కువ గుడ్లు.

మన తీరంలో కూడా కదలిక ఉంది. ఒకప్పుడు మలబారు సొత్తు అనుకున్న నూనె కవళ్లు 1980ల నుంచి బంగాళాఖాతంలోనూ పడుతున్నాయి.

కీసర_చెరువు
జూన్ 10, ఉదయం 6:20

చేపలు చల్లటి చోటు వెతుక్కుంటాయని గోదావరి అన్న రాశారు. మా చెరువులో కూడా తూము దగ్గర ఊట ఉన్నచోట మధ్యాహ్నం చేపలు గుంపు కడతాయి. సాల్మన్‌కు అటువంటి చోట్లు నదిలో మిగిలి ఉన్నాయా?

జలజీవి_శ్రావణి
జూన్ 10, ఉదయం 9:00

ఉన్నాయి, వాటి మీదే ఇప్పుడు చాలామంది ఆశ. కొలంబియాలో కలిసే చిన్న ఏర్ల ముఖాల దగ్గర నీరు కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. వేసవిలో చినూక్, స్టీల్‌హెడ్ చేపలు వాటిలో దూరి రోజులు, ఒక్కోసారి వారాలు ఆగి, తర్వాత ప్రయాణం సాగిస్తాయి. సాకై అలా ఎక్కువగా ఆగదు, నేరుగా పోతుంది. 2015 వేసవిలో మంచు తక్కువ, ఎండ ఎక్కువ, కొలంబియా నీరు జూన్‌లోనే 20 డిగ్రీలు దాటింది. ఆ ఏడు వచ్చిన సుమారు 5 లక్షల సాకైలో సగానికి పైగా దారిలోనే పోయాయి.

ఐడహోలోని రెడ్‌ఫిష్ సరస్సుకు పోయే సాకై అన్నిటికంటే దూరం వెళుతుంది. దాదాపు 1,450 కిలోమీటర్లు, ఎనిమిది ఆనకట్టలు, 2,000 మీటర్ల ఎత్తు. 1992లో ఆ సరస్సుకు తిరిగి వచ్చింది ఒకే ఒక మగ చేప. దాని వీర్యాన్ని భద్రపరచి, హేచరీలో పెంచి ఆ తెగను నిలబెట్టారు. 2015లో వేడి చూసి కొన్నిటిని మధ్యలోనే పట్టి లారీల్లో తీసుకెళ్లారు.

గోదావరి_ఒడ్డు
జూన్ 10, ఉదయం 9:40

ఒక మంచి వార్త కూడా ఉంది, అది నేనే రాస్తాను. 2002 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని క్లామత్ నదిలో నీరు తగ్గి, వేడెక్కి, రోగం వ్యాపించి కనీసం 34 వేల పెద్ద సాల్మన్ చనిపోయి ఒడ్డున పడ్డాయి. అక్కడి ఆదివాసులైన యురోక్ ప్రజలకు ఆ నదే తల్లి. ఆ గుట్టలు చూసినవారు అక్కడితో ఊరుకోలేదు. 20 ఏళ్లకు పైగా పోరాడారు. నాలుగు ఆనకట్టలు తొలగించారు, 2024 అక్టోబరు నాటికి పని పూర్తయింది. కొన్ని వారాల్లోపే చినూక్ చేపలు పైకి, ఆరెగాన్ దాకా వెళ్లాయి. అక్కడ 1912 తర్వాత వాటిని చూడటం అదే మొదలు. దారి తెలిసిన చేప ఒక్కటీ బతికి లేదు. దారి తెరిచారు, అవి వచ్చాయి.

నీటిలెక్క
జూన్ 10, ఉదయం 10:05

అవి పాతబడిన విద్యుత్తు కట్టలు, సాగునీటివి కావు. ఆ తేడా గుర్తుంచుకుందాం. అయినా ఆ వార్త చదివి నేనూ సంతోషించాను.

ఉప్పల్_రవి
జూన్ 10, మధ్యాహ్నం 12:30

మాస్టారూ, నిన్న మా అబ్బాయికి బకెట్‌లో నీళ్లు, థర్మామీటరు పెట్టి 20 డిగ్రీలంటే ఎంతో చూపించాను. మంచు ముక్కలు వేస్తే గానీ అంత దిగలేదు. “ఇది వేడా నాన్నా?” అన్నాడు. మీరు రాసిన చేప గురించి చెప్పాను. ఆ చేప గమ్యం చేరిందా అని అడుగుతున్నాడు.

నల్లకుంట_మాస్టారు
జూలై 13, ఉదయం 8:15

ఆలస్యానికి మన్నించండి. రవి, మీ అబ్బాయి ప్రశ్న మా అమ్మాయికి పంపాను. ఆదివారం తను మా మనవడిని తీసుకుని మళ్లీ ఆ అద్దాల గదికి వెళ్లింది. అక్కడివారిని అడిగిందట. కాలువ దాటి సరస్సులోకి చేరిన సాకై అడుగున చల్లటి నీటిలో కొన్ని వారాలు, నెలలు ఆగి, శరత్కాలంలో సెడార్ నదిలోకి వెళతాయి. కాలువలో వేడి తగిలినవాటిలో చాలా చేపలు ఆ నిరీక్షణలోనే రోగంతో పోతున్నాయి. అందుకని ఈ మధ్య కొన్నిటిని లాక్స్ దగ్గరే పట్టి, చల్లటి నీటి ట్యాంకుల్లో హేచరీకి చేరవేస్తున్నారు.

తను గంటసేపు నిలబడి 23 చేపలను లెక్కపెట్టింది. నాలుగింటికి తెల్ల మచ్చలు. మనవడు ఒక ఆడ చేప ఎదురుగా అద్దానికి ముక్కు ఆనించి, దాని మొప్పలతో పాటు తానూ ఊపిరి తీయబోయి, అర నిమిషానికే అలసిపోయి కూర్చున్నాడట. ఆ రోజు నీరు 20.5 డిగ్రీలు.